బేస్తవారం ఆట

రూబేను పది రోజులుగా తిరుగుతున్నాడు. చెప్పులు అరిగాయి, గొంతు బొంగురుపోయింది, మందిరం విడిచి వెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా తిరిగి రాలేదు.

కరకట్టపాలెం సంఘానికి అతను కొత్తగా వచ్చిన సహాయ పాస్టరు. ఇరవై ఆరేళ్ళవాడు. పట్నంలో మూడేళ్ళు వేదాంతం చదివాడు. ఇక పెద్దాయన దగ్గర పని నేర్చుకొమ్మని పంపిస్తే, ఇనప్పెట్టె, చాపచుట్ట పట్టుకుని ఈ ఊళ్ళో బస్సు దిగాడు. పెద్దాయన పేరు జ్ఞానమిత్రం. డెబ్బై దాటినవాడు. ఊరందరికీ ఆయన అయ్యగారు. దాంతో రూబేను చిన్నయ్యగారయ్యాడు.

వచ్చిన వారానికే రూబేను సంఘం పట్టీ తిరగేసి, మందిరానికి రావడం మానేసినవాళ్ళ పేర్లు ఇరవై మూడు ఏరాడు. ఒక కాగితం మీద రాసుకుని, పైన ఎర్రసిరాతో 'తప్పిపోయినవారు' అని పెట్టి కింద గీత గీశాడు. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, కరపత్రాల సంచి భుజానికి తగిలించుకుని ఇల్లిల్లూ ఎక్కాడు.

ఒకాయన, గేదెను తోలుకొస్తానుండండని లేచి వెళ్ళాడు. కాసేపటికి గేదె ఒక్కటే ఇంటికొచ్చింది. ఒకావిడ "చెప్పండి బాబూ, వింటున్నా" అంటూనే పిండి రుబ్బడం ఆపలేదు. ఆ గ్రైండరు మోతలో రూబేనుకే తన మాట వినపడలేదు.

అందరికంటే మొండివాడు అంద్రెయ అని తేల్చుకున్నాడు రూబేను. అంద్రెయకి యాభై అయిదు దాకా ఉంటాయి. పెళ్ళాం పోయింది, కూతురు అత్తారింట్లో ఉంది. ఊరికి రెండు మైళ్ళ అవతల రొయ్యల చెరువుల కాపలా. గట్టు మీదే గుడిసె. రూబేను వెళ్ళి మొదలుపెట్టేసరికి, నీటికాకులు వాలుతున్నాయని రేకుడబ్బా పట్టుకుని బాదడం మొదలుపెట్టాడు. రూబేను గొంతు పెంచితే అతను డబ్బా ఇంకాస్త గట్టిగా బాదాడు.

"అతని గుండె రాయి అయ్యగారూ" అన్నాడు రూబేను తిరిగొచ్చి, అరుగు మీద కూలబడుతూ.

జ్ఞానమిత్రం గారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"ఎంతసేపు చెప్పావు?"

"గంటన్నర."

"ఎండలోనా?"

"ఎండలోనే."

"ముందు మజ్జిగ తాగు" అన్నారాయన.

అంతే. రూబేను మజ్జిగ తాగాడు కానీ కడుపులో మంట చల్లారలేదు.

రెండు రోజుల తర్వాత సంఘపెద్ద ప్రకాశరత్నం అతన్ని పక్కకి పిలిచాడు. "చిన్నయ్యగారూ, మీరు చదువుకున్నవారు. ఈ సంగతి మీకు తెలియాలి. అయ్యగారు ప్రతి బేస్తవారం మధ్యాహ్నం ఎక్కడికి వెళ్తున్నారనుకుంటున్నారు?"

"ఇళ్ళు దర్శించడానికి కదా?"

"రొయ్యల చెరువు దగ్గరికి. ఆ అంద్రెయతో పులీ మేకా ఆడతారు. దారిన పోయేవాళ్ళంతా చూస్తున్నారు. నాలుగేళ్ళ నుంచీ ఇదే వరస. మాకు తల కొట్టేసినట్టుగా ఉంది."

రూబేను నమ్మలేదు. ఆ బేస్తవారం మూడింటికి అయ్యగారు గొడుగు తీసుకుని బయల్దేరితే, "నేనూ వస్తాను" అన్నాడు.

"రా" అన్నారాయన.

గట్టు దారి సన్నగా, జారుడుగా ఉంది. ఆయన మోకాలు పట్టుకుని ఆగుతూ ఆగుతూ నడిచారు. దూరం నుంచే అంద్రెయ చూసి, గుడిసె ముందున్న నాపరాయిని తుండుగుడ్డతో తుడిచాడు. రాయి మీద బొగ్గుతో గీసిన గళ్ళున్నాయి. పులులకి మూడు గవ్వలు, మేకలకి పదిహేను చింతపిక్కలు.

పులులు అంద్రెయవి. మేకలు అయ్యగారివి.

ఆట గంటన్నర సాగింది. రూబేను గట్టు మీద గొంతుక్కూర్చుని, ఇప్పుడు వస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది అని దేవుడి మాట కోసం ఎదురుచూశాడు. వాళ్ళు మాట్లాడుకున్నదల్లా చెరువులో ఉప్పు ఎక్కువైన సంగతి, అంద్రెయ కూతురికి పుట్టిన మనవరాలి సంగతి, మోకాలికి ఆముదం మంచిదా నువ్వులనూనె మంచిదా అన్న సంగతి. మధ్యలో నీటికాకులు వాలితే అంద్రెయ లేచి డబ్బా బాది వచ్చాడు. అతను లేచినప్పుడు అయ్యగారు ఓ మేకను పక్క గడిలోకి జరిపారు. అంద్రెయ వచ్చి, చూసి, ఏమీ అనకుండా దాన్ని మళ్ళీ పాత గడిలో పెట్టాడు.

అయినా అయ్యగారే ఓడిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు రూబేను సగం దూరం ఓపిక పట్టాడు.

"ఈ నాలుగేళ్ళలో ఒక్కసారైనా మందిరానికి రమ్మని అడిగారా అయ్యగారూ?"

"లేదు."

"ఎందుకని?"

"మాటల్లో పడి మర్చిపోతుంటాను."

ఇది హాస్యమో నిజమో రూబేనుకి తెలియలేదు. "అసలు అతను ఎందుకు మానేశాడు?"

జ్ఞానమిత్రం గారు నిలబడి మోకాలు రుద్దుకున్నారు. "నేను ఈ ఊరు రాకముందు మాట. పదకొండేళ్ళ కిందట వాడికి టైఫాయిడ్ వచ్చింది. నలభై రోజులు మంచం మీదున్నాడు. లేచి ఓ ఆదివారం మందిరానికి వెళ్తే, తలుపు దగ్గర ఎవరో 'ఏం అంద్రెయా, ఊళ్ళో లేవా?' అన్నారట. కూటం అయ్యాక ఇంటికొచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు." ఆయన మళ్ళీ నడక మొదలుపెట్టారు. "ఎప్పుడో ఓసారి, ఆటలో నా మేకను చంపుతూ చెప్పాడు."

"అదొక కారణమా?" అన్నాడు రూబేను.

గట్టు జారుడుగా ఉందని అయ్యగారు అతని భుజం పట్టుకున్నారు.

ఆదివారం కూటం అయ్యాక సంఘపెద్దలు ఈ ఆట సంగతే ఎత్తారు. ప్రకాశరత్నం నెమ్మదిగానే అన్నాడు, కానీ అందరూ తల ఊపారు. అయ్యగారు రూబేను వైపు తిరిగారు.

"నువ్వేమంటావు?"

రూబేను అనుకున్నది అనేశాడు. "ఆత్మలు నశించిపోతుంటే మనం గవ్వలాడుతూ కూర్చోవడం నాకు నచ్చలేదు అయ్యగారూ. చెప్తే దేవుడి మాట చెప్పాలి. లేకపోతే వెళ్ళడం మానేయాలి."

"మానేయమంటావా?"

"మానేయమనే అంటాను."

"సరే" అన్నారు జ్ఞానమిత్రం గారు.

కోపం లేదు, వాదన లేదు. అంత సులువుగా ఒప్పుకుంటారని రూబేను అనుకోలేదు.

బేస్తవారం వచ్చింది. మూడింటికి అయ్యగారు అలవాటుగా లేచి గొడుగు అందుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, గొడుగు మళ్ళీ మేకుకి తగిలించారు. కాసేపు పడక్కుర్చీలో కూర్చున్నారు. లేచి పెరట్లో మొక్కలకి నీళ్ళు పోశారు. పొద్దున పోసిన మొక్కలకే. ఆయన భార్య సంతోషమ్మగారు వంటింట్లోంచి చూసి, "ఆ తోటకూర ఈదుకుంటూ పోతుందేమో చూడండి" అంది.

నాలుగున్నరకి మందిరానికి వెళ్ళి, సాయంత్రం స్త్రీల కూటానికి చాపలు పరిచారు. ఐదింటికి ఆడవాళ్ళు ముప్పైమంది దాకా వచ్చారు. పాట ఎత్తుకున్నారు. రూబేను గేటు దగ్గర నిలబడి, ఆ రోజు తాను చెప్పబోయే మాటలు లోలోపల వల్లె వేసుకుంటున్నాడు.

అప్పుడు వచ్చాడు అంద్రెయ.

సైకిలు తొక్కుకుంటూ కాదు, తోసుకుంటూ వచ్చాడు. చైను ఊడి వేలాడుతోంది. మోకాళ్ళ దాకా బురద. డబ్బా బాదే కర్ర ఇంకా చేతిలోనే ఉంది. సైకిలును గోడకి పడేసినట్టు ఆనించి, రొప్పుతూ అడిగాడు.

"అయ్యగారికి ఏమైంది బాబూ?"

రూబేను గేటు తీసి పట్టుకున్నాడు.

"మూడింటికి రావాల్సినవారు. నాలుగైనా రాలేదు. ఒంట్లో బాలేదా? మోకాలు మళ్ళీ పట్టేసిందా? నిన్న వానపడి గట్టంతా జారుగా ఉంది. ఎక్కడ పడిపోయారో ఏమోనని దారి పొడుగునా చూసుకుంటూ వచ్చాను. కాలవలోకి దిగి తూటికాడలు కూడా తొలగించి చూశాను. పాలవాణ్ణి అడిగితే తెలీదన్నాడు. చెప్పు బాబూ, ఏమైంది?"

రూబేను పెదవులు కదిలాయి, మాట రాలేదు. గంటన్నరసేపు ఆపకుండా చెప్పగలిగిన గొంతు అది.

"లోపల... లోపలున్నారు" అన్నాడు చివరికి.

అంద్రెయ చెప్పులు విడిచాడు. కర్ర మాత్రం విడవలేదు. మెట్లెక్కి, గడప దాటి, పాడుతున్న ఆడవాళ్ళ మధ్యలోంచి, చాపల మీద బురద అడుగులు వేసుకుంటూ తిన్నగా వెళ్ళాడు. పాట ఒక్కొక్క గొంతూ ఆగుతూ ఆగిపోయింది. చివరిదాకా పాడింది చెవుడున్న సువార్తమ్మ ఒక్కతే.

జ్ఞానమిత్రం గారు వేదిక పక్కన కుర్చీలో కూర్చునున్నారు. అంద్రెయని చూసి లేచి నిలబడ్డారు.

"బాగానే ఉన్నారా?" అన్నాడు అంద్రెయ.

"బాగానే ఉన్నాను."

"కాలు?"

"కాలూ బాగానే ఉంది."

అంద్రెయ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. వదిలేటప్పుడు కోపం వచ్చింది. "రానంటే రానని ఓ మాట చెప్పి పంపొద్దా అయ్యగారూ? మనిషన్నవాడు రాకపోతే అవతలివాడికి ఎలా ఉంటుంది? ఏమనుకోవాలి నేను?"

ముప్పైమంది చూస్తుండగా అయ్యగారు చేతులు జోడించారు. "తప్పే అంద్రెయా. చెప్పి పంపాల్సింది."

ఆయన చేతులు జోడించేసరికి అంద్రెయ కంగారుపడ్డాడు. అప్పుడు గానీ తానెక్కడ నిలబడ్డాడో చూసుకోలేదు. గోడల వైపు చూశాడు. కిటికీల వైపు చూశాడు. తలెత్తి పైకి చూశాడు.

"ఫ్యాన్లు పెట్టించారే" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది. సువార్తమ్మ కాస్త జరిగి తన పక్క చాప తట్టింది. "కర్ర అవతల పెట్టి కూర్చోరా. పాట మధ్యలో వచ్చి ఆ నిలబడ్డం ఏంటి? ఎవర్ని కొడతావు?"

అంద్రెయ కర్రను గోడకి చేరవేసి కూర్చున్నాడు. ఆడవాళ్ళు పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

రూబేను గోడవార నడుచుకుంటూ అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. వంగి చెవిలో అడిగాడు. "అయ్యగారూ, నేనిప్పుడు ఏం చెప్పను?"

"కాళ్ళకి నీళ్ళు తెచ్చివ్వు" అన్నారాయన. "బురద ఎండిపోతే దురద పెడుతుంది."

రూబేను బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. అంద్రెయ మెట్ల మీదికొచ్చి కూర్చుంటే, చెంబుతో తనే పోశాడు. అంద్రెయ "వద్దు బాబూ, నేను పోసుకుంటా" అంటూనే ఉన్నాడు. రూబేను వినలేదు. పాదాల సందుల్లో తూటి ఆకులు చిక్కుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ తీశాడు. అతను తల ఎత్తలేదు. మెల్లగా అన్నాడు.

"మానేయమన్నది నేనే."

అంద్రెయ కాళ్ళు దులుపుకుని లేచాడు. "పోనీలే బాబూ" అన్నాడు. "చైను ఎక్కించడం వచ్చా మీకు?"

ఇద్దరూ కలిసి చైను ఎక్కించారు. రూబేను తెల్లచొక్కాకి నల్ల మరకలయ్యాయి. ఆ సాయంత్రం అతను చెప్పాల్సిన మాటలు చెప్పనే లేదు. ఎవరూ అడగనూ లేదు. కూటం అయ్యాక ప్రకాశరత్నం వచ్చి, అంద్రెయ ఎదుట నిలబడి, "నీరసంగా ఉన్నావు, ఇంటికి రా, కాఫీ తాగి పోదువు గాని" అన్నాడు. అంద్రెయ వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే రూబేను అయ్యగారి అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"వస్తాడని మీకు ముందే తెలుసా అయ్యగారూ?"

"నాకేం తెలుసు? నువ్వు మానేయమన్నావు, మానేశాను. నాకే తోచలేదు నిన్నంతా."

"ఆదివారం కూటానికి వస్తాడంటారా?"

"అది వాడి ఇష్టం, దేవుడి ఇష్టం. బేస్తవారం మాత్రం నేను వెళ్ళాలి. మళ్ళీ కాలవలు వెతికించలేను."

రూబేను జేబులోంచి ఇరవై మూడు పేర్ల కాగితం తీశాడు. విప్పి, ఎర్రసిరా అక్షరాల వైపు కాసేపు చూశాడు. ఆ పైభాగం వరకూ చింపేసి, పేర్లున్న ముక్కను మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యగారూ, నాకు ఆ ఆట నేర్పుతారా?"

జ్ఞానమిత్రం గారు నవ్వారు.

"నాలుగేళ్ళ నుంచి ఓడిపోతున్నవాణ్ణి, నేనేం నేర్పుతాను? వెళ్ళి అంద్రెయని అడుగు."