లోక్‌బింతికి పెట్టుబడి వచ్చిన ఎండాకాలం

ఇండోనేషియా దేశంలో, బోర్నియో దీవి దక్షిణ భాగాన, ఒక నది బద్ధకంగా మెలిక తిరిగే చోట లోక్‌బింతి అనే జంతువుల ఊరు ఉండేది. ఊరంటే వీధులూ సందులూ ఊహించుకోవద్దు. చిత్తడి నేల మధ్యలో దుంగలు పేర్చి కట్టిన ఒక పెద్ద మంచె, అంతే. గేదె మీద గేదె నిలబడితే ఎంతో అంత ఎత్తు. ఎక్కడానికి ఏటవాలుగా ఒక బాట. పగలు గేదెలు దిగి మేతకు పోయేవి, సాయంత్రం ఎక్కి పడుకునేవి. ఒక మూల బాతులు, ఇంకో మూల కోళ్ళు. ఏడాదిలో సగం చుట్టూ పచ్చిక, మిగతా సగం చుట్టూ నీళ్ళు. నీళ్ళున్నప్పుడు గేదెలు మేతకు ఈదుకుంటూ వెళ్ళి ఈదుకుంటూ తిరిగొచ్చేవి. దీనికి అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

పచ్చిక సగంలో ఒకరోజు కొండ మీది పట్నం నుంచి లసుంగ్ అనే పునుగుపిల్లి దిగింది. మెడలో తాటాకు సంచి, ముఖంలో చిరునవ్వు. రెండూ పనికోసమే.

"ప్రెసిడెంటు గారెవరండీ?"

"నేనే," అన్నాడు జాగో అనే కోడిపుంజు. ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. అతనికీ గుర్తులేదు.

"మీ ఊరు బయటివాళ్ళకు తెలియకపోవడం అన్యాయం సార్. మీ ఊరి గురించి ఒక పరిచయం రాశాను. ఇది చదివితే పర్యాటకులు వస్తారు, పెట్టుబడి వస్తుంది. చదవమంటారా?"

అంతా మూగారు. లసుంగ్ గొంతు సవరించుకున్నాడు.

"నది ఒడ్డున ప్రశాంతమైన పల్లె. సాయంత్రాలు సహజమైన సంగీతం..."

"సంగీతమా? అవి దోమలు కదా," అంది ఇతిక్ అనే బాతు.

"అడుగడుగునా చర్మానికి మేలుచేసే మెత్తని మట్టి..."

"బురద."

"జనాభా ఎనభై."

"అరవై లేము. మమ్మల్ని ఎలా లెక్కపెట్టావు?"

"గొంతులు లెక్కపెట్టానమ్మా. మీ ఒక్కరిదే ఇరవైగా లెక్కకొచ్చింది."

బాతులు పకపకా నవ్వాయి. ఇతిక్ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

నవ్వు చల్లారకముందే లసుంగ్ అసలు సంగతికి వచ్చాడు. ఆ మంచెకు అడుగున ఉన్నవి ఇనుపకర్ర దుంగలు. తరాలపాటు నీళ్ళలో నానినా పుచ్చని కర్ర. సముద్రతీరాన హోటల్ కట్టుకుంటున్న ఒక పొడుగుముక్కు కోతికి అవి తెచ్చి ఇస్తానని లసుంగ్ అప్పటికే మాటిచ్చేశాడు. ఆ మాట మాత్రం పరిచయంలో లేదు.

"ఈ పాత మంచె చూస్తే పెట్టుబడిదారు బెదిరిపోతాడండీ. దీన్ని విప్పి మేమే తీసుకెళ్ళిపోతాం, మీకు శ్రమ లేదు. బదులుగా పచ్చికలో వరసగా ఆకుల కుటీరాలు. ప్రెసిడెంటు గారిది కాస్త పెద్దది, ముందు వసారాతో."

జాగో తురాయి నిటారుగా లేచింది.

గేదెల్లో పెద్దది గలూ. నెమరు ఆపి అడిగింది. "నీళ్ళొస్తాయి నాయనా. అప్పుడో?"

"ఎక్కడ్నుంచి వస్తాయి పెద్దమ్మా?"

"పైనుంచి."

"వాన వస్తే కుటీరాలకు కప్పు ఉంటుంది."

"వాన కాదు. నది పైనుంచి. ఇక్కడ నా కొమ్ముల దాకా వస్తాయి."

లసుంగ్ ఆప్యాయంగా నవ్వాడు. "ప్రతి ఊళ్ళోనూ ఇదే వరస పెద్దమ్మా. బేరం దగ్గరకు రాగానే ఒక భయం బయటికి తీస్తారు. పోయిన ఊళ్ళో దయ్యం. అంతకుముందు ఊళ్ళో పాము. ఇక్కడ నీళ్ళు. మీదే కాస్త కొత్తగా ఉంది."

"చెట్టు మొదళ్ళ మీద బురద చార చూడు. ఎంత ఎత్తున ఉందో."

"చూశాను. పరిచయంలో 'అందమైన రంగుల చెట్లు' అని రాశాను కూడా."

జాగో ఓటింగు పెట్టాడు. బాతులన్నీ రెక్కలెత్తాయి.

"ఇతిక్, నీకు తెలియదటే నీళ్ళ సంగతి?" అంది గలూ.

"తెలుసత్తా. కానీ మాకేం, మేం తేలతాం. కుటీరం ఊరికే ఇస్తామంటే కాదంటామా?"

గేదెలు పన్నెండు, బాతులు నలభై. లెక్క పెద్ద కష్టమైనదేం కాదు. కానీ ఎంత ఈతగత్తె గేదెకైనా చీకటి పడేసరికి కాళ్ళ కింద ఏదో ఒకటి ఉండాలి. పైగా గలూకి నెల కిందటే దూడ పుట్టింది. దానికి ఇంకా నడకే సరిగ్గా రాదు, ఈత సంగతి అడగనక్కర్లేదు. మంచె పోతే తొలి నీళ్ళకే అది పోతుంది. గలూ తన దూడవైపు చూసింది, తర్వాత రెక్కలెత్తిన వాళ్ళవైపు చూసింది, తర్వాత తోకతో ఒక ఈగను తోలింది.

"సరే," అంది. "ఊరి మాటే నా మాట. కాకపోతే మన పద్ధతి ఒకటుంది కదా. పడుకునే చోటు ఎవరు కట్టినా, కట్టినవాడే ముందు దానిమీద పడుకోవాలి. నీళ్ళ కాలం వచ్చి, ఆ చోటు నిలిచిందని తేలాకే మిగతావాళ్ళు అక్కడికి మారేది. మంచె విప్పేది కూడా అప్పుడే."

"ఆ, అదొకటుంది," అంది ఇతిక్. "మా మేనమామ ఒకసారి దుంగ వంకరగా పెట్టి, దానిమీదే పడుకుని, దొర్లి కిందపడ్డాడు. ఇప్పటికీ కుంటుతాడు. పద్ధతి పద్ధతే."

బాతులన్నీ తలలూపాయి. ఉచిత కుటీరం కోసం మంచె వదులుకుంటారు గానీ, కట్టినవాడు హాయిగా పక్కకు తప్పుకుంటే ఊరుకోరు. జాగో కూడా తలూపాల్సి వచ్చింది.

లసుంగ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. కొత్త ఇల్లు, మెత్తని పడక, పైగా దాన్ని త్యాగం అని చెప్పుకోవచ్చు. "అలాగే పెద్దమ్మా! మీకోసం నేనే ముందు పడుకుంటాను."

వారం తిరక్కుండా కోతిమూక వచ్చి కుటీరాలు లేపింది. వెనకే ఆ హోటల్ కట్టుకునే పొడుగుముక్కు కోతి వచ్చి ఊరంతా తిరిగి చూసింది. ఊరు దానికి ముక్కుదొర అని పేరు పెట్టింది. దానికీ అభ్యంతరం లేదు.

"మీరు కూడా కుటీరంలో దిగండి దొరగారూ," అన్నాడు లసుంగ్.

"నేను చెట్టు మీద ఉంటాను," అంది ముక్కుదొర. "నువ్వు రాసింది నువ్వు అనుభవించు. నేను పైనుంచి చూస్తాను."

రోజులు గడిచాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. పునుగుపిల్లులు రాత్రి తిరిగి పగలు పడుకుంటాయి. లసుంగ్ రోజూ పొద్దున్నే తిరుగుడు ముగించుకుని వచ్చి, పడకెక్కబోతూ మంచెవైపు కేకేసేవాడు.

"పెద్దమ్మా! మీ నీళ్ళు దారి తప్పాయా?"

"వస్తున్నాయి నాయనా."

"నిన్నా ఇదే చెప్పారు."

"దూరం కదా, నడిచి రావాలి. మీ కొండమీద వానలు మొదలయ్యాయా?"

"మా కొండమీదా? అక్కడ కుండపోత. అందుకే కదా ఇక్కడికి వచ్చి ఎండ కాచుకుంటున్నాను."

"ఆహా. అవే."

లసుంగ్‌కు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునే అవసరమూ కనిపించలేదు. దుప్పటి కప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, చప్పుడు లేకుండా నీళ్ళు వచ్చాయి. ఉరుము లేదు, చినుకు లేదు. గడ్డి మొదళ్ళు తడిశాయి, తర్వాత గడ్డి మునిగింది, తర్వాత గుమ్మం. లసుంగ్ తోక చల్లబడితే పక్కకు ఒత్తిగిల్లాడు. ముక్కు చల్లబడ్డాక లేచాడు. అప్పటికి పడక తేలుతోంది. ఎలాగో తంటాలు పడి కప్పు మీదికి ఎక్కాడు. చుట్టూ చూస్తే కుటీరాల వరస లేదు, కప్పుల వరస ఉంది.

"దొరగారూ!"

ముక్కుదొర చెట్టు మీంచి నీళ్ళలోకి దూకింది. ఆ జాతి కోతులు పుట్టు ఈతగాళ్ళు. నింపాదిగా ఈదుకుంటూ కప్పు పక్కగా వచ్చింది.

"నది ఒడ్డు అన్నావు. నది లోపల అనలేదే?"

"నన్ను ఎక్కించుకోండి! దుంగల సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

"దుంగలా? అదిగో, వాటి మీద ఒక దూడ ఉంది. సాయంత్రానికి పన్నెండు గేదెలు ఎక్కుతాయి. అప్పుడు వెళ్ళి దిగమని చెప్పి చూడు. చెప్పగలిగితే కబురు పంపు."

ముక్కుదొర అటునుంచి అటే వెళ్ళిపోయింది, వెనక్కి చూడకుండా.

సాయంత్రం గేదెలు మేతనుంచి ఈదుకుంటూ తిరిగొస్తుంటే కప్పుమీద ముద్దగా తడిసిన లసుంగ్ కనిపించాడు.

"ఏం నాయనా, ఇల్లు బాగుందా?" అంది గలూ.

"మునిగిపోయింది పెద్దమ్మా!"

"నీళ్ళొస్తాయని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు! మీరే చెప్పారు!"

"అయితే సరే. నేను చెప్పలేదేమోనని భయపడ్డాను."

గలూ వీపు దగ్గరగా పెట్టింది. లసుంగ్ ఎక్కి కొమ్ములు గట్టిగా పట్టుకున్నాడు. మంచె మీద జాగో అప్పటికే సమావేశం మొదలుపెట్టేశాడు.

"ఈ మంచె విప్పాలన్న ఆలోచనను నేను మొదట్నుంచీ వ్యతిరేకిస్తూనే ఉన్నాను."

"ఏ రోజు ప్రెసిడెంటు గారూ? వసారా కొలతలు చెప్పిన రోజా?" అంది ఇతిక్.

ఎవరూ లసుంగ్‌ను తన్నలేదు, తిట్టలేదు. ఒక అంచున కాస్త చోటిచ్చారు, అంతే. ఆ ఏడు నీళ్ళు జానెడు ఎక్కువే వచ్చాయి. మంచె మీద ఇంకో వరస దుంగలు పేర్చాల్సి వచ్చింది. కొట్టుకొచ్చే దుంగలను గేదెలు ఈదుకుంటూ తోసుకొస్తుంటే, పైకి లాగి పేర్చే పని లసుంగ్‌కు పడింది. పేర్చిన ప్రతి దుంగమీదా ముందు అతనే పడుకున్నాడు. మొదటిది దొర్లింది. రెండోది ఊగింది. మూడోదాని నుంచి శ్రద్ధగా పేర్చాడు.

పదిరోజులకు అతని పంజాలు కాయలు కాచాయి. ఓపిక నశించి అడిగాడు.

"పెద్దమ్మా, ఈ నీళ్ళు ఎప్పుడు పోతాయి?"

"పోతాయిలే, ఇంకా సగం ఏడాది ఉంది."

"అంతదాకా ఉండలేను. నేను మా ఊరు వెళ్ళిపోతాను. దారెటు?"

గలూ నెమరు ఆపకుండానే కొమ్ముతో నీళ్ళ అడుగుకేసి చూపించింది.

"అదిగో నాయనా, ఆ కిందే ఉంది."

నీతి: ఒక ఊరి గురించి పదిమందికి చెప్పాలనుకునేవాడు, ముందు ఆ ఊళ్ళో అన్ని కాలాల్లోనూ నిద్రచేసి లేవాలి.