గుడ్డ చుట్టని గంట

అనగనగా ఒక అడవిలో, శ్రావణమాసం రెండో శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకు జరిగింది ఇది. మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ రోజూ ఆ వేళా మరిచిపోకుండా చెప్పేది.

కుందేలు వెంగయ్య బండి తోలుతున్నాడు. రెండు పందికొక్కులు లాగుతున్నాయి. వెనక అతని భార్య నాంచారమ్మ పాపను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పాపను తేలు కుట్టింది. ఒళ్ళు చల్లబడుతోంది. మందిచ్చే జింక వైద్యురాలు వాగు అవతల ఉంది. దీపాలవేళ లోపు మందు పడాలి.

వాగు ఎర్రగా పారుతోంది. మధ్యలో ఉన్న రాతిబాట నీళ్ళ కింద మునిగింది. ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది పిల్లలూ. ముందు బండివాడు నడిమధ్యలో ఆగి నీటి చప్పుడు వింటాడు. బాట తెగినచోట నీళ్ళు గుడగుడమంటాయి. అందుకని వెనకవాళ్ళు తమ బండి గంటకు గుడ్డ చుట్టి ఆగాలి.

ఆవేళ ముందున్నది ఒక తాబేలు. ఎవరో పరాయి ఊరివాడు. తన బండి తనే లాక్కుంటూ వచ్చి నడిమధ్యలో నిలబడ్డాడు.

వెంగయ్య అతని వెనకే నీళ్ళలోకి బండి దింపి గంట కొట్టాడు. తాబేలు కదల్లేదు.

"ఏవండీ, పెద్దాయన వింటున్నాడు. గుడ్డ చుట్టండి," అంది నాంచారమ్మ.

"వినడానికి ఇదేమన్నా హరికథా?" అంటూ రెండోసారి కొట్టాడు. "ఓ పెద్దాయనా, ఇక్కడే కాపురం పెడతావా? ఇల్లు ఎటూ వీపు మీదే ఉందిగా."

తాబేలు తల తిప్పాడు. "గంట ఆపు నాయనా. ఎడమ పక్కన ఏదో వినబడుతోంది. తేల్చుకోనీ."

ఇంతలో పాప చెయ్యి తల్లి ఒడిలోంచి జారి వేలాడింది. వెంగయ్య అది చూశాడు. పాప సంగతి ఒక్క ముక్క చెప్పి అడగొచ్చు. అడగలేదు. మూడోసారి గంట మోగిస్తూ, తాబేలును దాటేద్దామని బండిని ఎడమకు తిప్పాడు.

చక్రం కింద బాట లేదు.

బండి ఒరిగింది. పందికొక్కులు పగ్గం తెంపుకుని ఒడ్డుకు ఈదుకుపోయాయి. నాంచారమ్మ ఒక చేత్తో బండినీ, ఒక చేత్తో పాపనూ పట్టుకుంది. నీళ్ళు నడుము దాటాయి. "అమ్మా, తల్లీ," అని దేవతను తలుచుకుంటోంది. వెంగయ్య నీళ్ళలోకి దూకి బండిని ఎత్తబోయాడు, అది కదల్లేదు. గంట మాత్రం మోగుతూనే ఉంది. తర్వాత అదీ మునిగింది.

తాబేలు కాడి విప్పుకుని నీళ్ళలోకి దిగాడు. "నా వీపెక్కు తల్లీ. కిందికి చూడకు," అన్నాడు. నాంచారమ్మ ఎక్కుతూనే, పాపను తేలు కుట్టిందని చెప్పింది. తాబేలు ఈదబోతూ వెంగయ్య వైపు చూసి, "ముందే చెబితే పాపను ఎప్పుడో దాటించేవాణ్ణి కదయ్యా," అన్నాడు.

వెంగయ్య తాబేలు కాడిని మెడకెత్తుకున్నాడు. నీటి చప్పుడు వింటూ, అడుగడుగునా ఆగుతూ ఆ బండిని అవతలి ఒడ్డుకు లాక్కొచ్చాడు.

వైద్యురాలు పసరు పోసి, "ఇక అమ్మవారి దయ," అంది. దీపం పెట్టే వేళ దాటిపోయింది. ఆ రాత్రి తల్లీ తండ్రీ పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే గడిపారు.

మర్నాడు పొద్దున పాప కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. తాబేలుకు దణ్ణం పెట్టుకుందామని వెతికారు. ఆయన పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు ముగ్గురూ వాగు దగ్గరికి వెళ్ళారు. నీళ్ళు తగ్గాయి. ఒరిగిన బండికి గంట ఇంకా వేలాడుతోంది. నాంచారమ్మ తన చీర కొంగు చించి ఇచ్చింది. వెంగయ్య దాన్ని గంటకు చుట్టి, గట్టిగా ముడి వేశాడు.

నీతి: ముందున్నవాడు ఎందుకు ఆగాడో మనకు తెలియదు, మన తొందర ఏమిటో అతనికి తెలియదు. కసరకుండా ఒక్క మాట అడిగితే ఇద్దరికీ తెలుస్తుంది.