మైల ఎద్దు మొరాయించిన రోజు

కాలవగట్టు పక్కన నాంచారమ్మకు ఒక పెంకుటిల్లు, ఇంటి వెనక కూరగాయల మడి, ఒక ఒంటెద్దు బండి ఉన్నాయి. ఆ బండి లాగేది మైల. పన్నెండేళ్ళుగా కాడి చూపిస్తే మెడ వంచడం తప్ప ఆ ఎద్దుకు వేరే జవాబు తెలియదు. పెరట్లో ముందుభాగానికి పాత చేపల వల బిగించిన గూట్లో డజను కోళ్ళు ఉండేవి. వాటి పెద్ద కాకిపెట్ట. దాని నోటికి నాంచారమ్మే జడిసేది.

ఇక పిడుగు. ఎనిమిది నెలల కుక్క. ఎవరో గోనెసంచిలో వేసి, మూతి కట్టి, రేవులో వదిలిపోతే నాంచారమ్మ విప్పి తెచ్చుకుంది. మనిషి ఇంట్లో ఉంటే దానంత బుద్ధిమంతుడు లేడు. కానీ రోజూ పొద్దున్నే ఆమె వంకాయలూ బెండకాయలూ బండికెత్తుకుని చుట్టుపక్కల ఏదో ఒక ఊరి సంతకు పోయేది. మళ్ళీ వచ్చేది మధ్యాహ్నం దాటాకే. అంతసేపూ పిడుగు కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. గేటు దగ్గర మూలిగేది, తలుపు గీరేది, మళ్ళీ గేటు దగ్గరికి పరిగెత్తేది.

పక్క మొక్కజొన్న చేనులో ఉండే గుంటనక్క ఈ సంగతి కనిపెట్టింది. దానికి కోళ్ళ మీద ఎప్పటి నుంచో కన్ను. ఒకరోజు కంచె అవతల నుంచి తీయగా పిలిచింది.

“ఏం అల్లుడూ, ఏడుస్తున్నావా?”

“అమ్మ వెళ్ళిపోయింది మామా.”

“అయ్యో పాపం! నిన్ను సంచిలో పెట్టి వదిలినవాళ్ళు కూడా ఇలాగే వెళ్ళారు కదూ? వాళ్ళేమైనా తిరిగొచ్చారా?”

పిడుగు మూసిన గేటు వైపు చూసింది.

“భయపడకు, నేనున్నాగా. మనుషులు చెప్పులుంటేనే బయటికి పోతారు. గడప దగ్గర ఆ జత చూశావా? నమిలి పారేయ్. రేపటి నుంచి ఇల్లు కదలదు.”

పిడుగుకు అది ఎంతో తెలివైన ఆలోచనగా తోచింది. పైగా కొత్త పళ్ళు, దురద పుట్టే దవడలు. అరగంటలో చెప్పులు పీలికలైపోయాయి. నాంచారమ్మ పాత చెప్పులతోనే సంత నుంచి వచ్చి, బండి దిగి, అవి చూసి, చీపురు తీసింది. అమ్మ తిరిగొచ్చిందన్న సంతోషంతో తోకాడిస్తూ ఎదురెళ్ళిన పిడుగు వీపు మీద నాలుగు పడ్డాయి.

“మరి ఆగలేదే మామా?” అని మర్నాడు అడిగితే, “గొడుగుంది కదా అల్లుడూ, అందుకే పోతోంది” అంది నక్క. గొడుగు పోయింది. తర్వాత చాప, నీళ్ళ పైపు. చివరికి దూలానికి వేలాడే చెర్నాకోల.

“దాన్ని నమిలినందుకు నిన్ను ముద్దు పెట్టుకోవచ్చు గానీ,” అంది మైల ఆ సాయంత్రం గడ్డి నములుతూ, “దెబ్బలు తిని తిని నీ వీపే చెర్నాకోల అయ్యేట్టుంది. ఎందుకురా ఇదంతా?”

“ఎందుకు కొడుతోందో నాకేం తెలుసు? అమ్మ వచ్చిందని ఎదురెళ్తే కొడుతోంది. ఎదురెళ్ళడం కూడా తప్పేనా?”

మైల నమలడం ఆపింది. “పొద్దున నువ్వు చేసిన పనికి ఆమె మధ్యాహ్నం దాటాక కొడుతోంది. రెండిటికీ మధ్య నువ్వు ఒక నిద్ర తీశావు. నీకెలా తెలుస్తుందిలే. సరే, ఇంకో సంగతి విను. రైస్ మిల్లు వాచ్‌మన్ సోమవారం వస్తాడు. నిన్ను అతనికి ఇచ్చేస్తోంది. అక్కడ ఇనుప గొలుసట. దారిలో మాట్లాడుకుంటుంటే విన్నాను.”

పిడుగు మెడ మీద వెంట్రుకలు లేచాయి. “గొలుసు వేస్తే గొలుసు కొరుకుతా. స్తంభానికి కడితే స్తంభం కొరుకుతా. మిల్లు మొత్తం కొరికి ఇంటికొచ్చేస్తా!”

“పళ్ళుంటాయిరా మరి?” అంది గూట్లోంచి కాకిపెట్ట. “ఈ సలహాలన్నీ ఎవరిచ్చారో మైలకి చెప్పు ముందు. రోజూ కంచె దగ్గర మామా అల్లుళ్ళ గుసగుసలు వింటూనే ఉన్నాను.”

పిడుగు జరిగిందంతా చెప్పింది. రేవులో సంచి సంగతి కూడా చెప్పింది.

మైల పిడుగు దగ్గరికి జరిగింది. “ఒరేయ్, ఆమెను తీసుకెళ్ళేది నేను. తీసుకొచ్చేది నేను. పన్నెండేళ్ళలో ఒక్కసారైనా ఖాళీ బండితో ఇంటికొచ్చానా?”

“నువ్వు చెబితే నమ్ముతాను మైలన్నా. కానీ గేటు మూశాక నమ్మకం ఉండటం లేదు. ఒళ్ళంతా వణుకుతుంది. ఏదో ఒకటి కొరికితేనే ఆగుతుంది.”

మర్నాడు పొద్దున నాంచారమ్మ ఇంకేమీ కొరక్కుండా పిడుగును గుంజకు కట్టేసి, బండికి బుట్టలెత్తి, ఎద్దును కట్టి, “హై” అంది. మైల కదల్లేదు. మళ్ళీ అంది. మైల ముందుకాళ్ళు మడిచి కాడితో సహా కూలబడింది.

“ఓరి నీ దుంప తెగ! ఇదేం రోగంరా?” అని తోక మెలిపెట్టింది. కట్టెతో రెండు తగిలించింది. మైల కళ్ళు పిడుగు వైపు తిప్పి అలాగే కూర్చుంది. సంతకు పొద్దెక్కుతోంది. నాంచారమ్మ బతిమాలింది, తిట్టింది, ఆఖరికి విసుగొచ్చి, “ఆ కుక్క కావాలా నీకు? తగలడండి ఇద్దరూ!” అని పిడుగు కట్టు విప్పింది. మైల లేచి నిలబడింది.

బండి రోడ్డెక్కలేదు. మైల కాలవగట్టు పట్టింది. పగ్గం ఎంత లాగినా తల తిప్పలేదు. లాకుల దాకా నడిచింది, లాకుల దగ్గర తిరిగి మళ్ళీ ఇంటికొచ్చింది. పక్కనే పిడుగు పరిగెత్తింది, గట్టు దిగింది, ఎక్కింది, పిచ్చుకల్ని తరిమింది, నీళ్ళలో దూకింది. గేటు దగ్గరికొచ్చేసరికి నాలుక జానెడు వేలాడేసి నేల మీద పడిపోయింది. మైల ఎరువుకుప్పలో ఎండిపోయి ఉన్న తాటిటెంకను గిట్టతో దాని ముందుకు దొర్లించింది.

“ఇది నమలరా. ఇదొక్కటే నీది. ఇంట్లో మరేదీ నీది కాదు.”

తర్వాత బండితో గేటు దాటింది, వెనకే నాంచారమ్మ గేటు మూసింది. పిడుగు చటుక్కున లేచింది. వంద అడుగులు వేసి మైల ఆగింది, వెనక్కి తిరిగింది, గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. పిడుగు కూర్చుంది. ఈసారి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చింది. మూడోసారి మర్రివానిపాలెం బోర్డు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చింది. వీపు మీద కట్టె మోగుతూనే ఉంది. పన్నెండేళ్ళలో తినని దెబ్బలు ఆ ఒక్క పూటలో తింది. అయినా తన లెక్క తను తప్పలేదు.

నాలుగోసారి తిరిగొచ్చేసరికి పిడుగు తలెత్తి కూడా చూడలేదు. రెండు కాళ్ళ మధ్య టెంక పట్టుకుని పీచు పీకుతోంది.

నాంచారమ్మ కట్టె దించింది. కుక్కను చూసింది. ఎద్దును చూసింది.

“అదా నీ గోల!” అంది మెల్లగా. “నోరు లేకపోయినా ఎంత చెప్పావురా!”

మర్నాటి నుంచి ఆమె బండి కట్టకముందే పిడుగును గట్టు మీద తిప్పడం మొదలెట్టింది. ఇంట్లో కొరకడానికి వీలైనవన్నీ అటకెక్కాయి. వెళ్ళేటప్పుడు వీడ్కోలు గోలలు లేవు, వచ్చేటప్పుడు చీపురు లేదు. మొదట కాసేపట్లోనే తిరిగొచ్చేది, తర్వాత గంటకు, ఆ తర్వాత సంత అయ్యాక. వాచ్‌మన్‌కు మాత్రం ఇంకా ఏ కబురూ పంపలేదు. చూద్దాం అనుకుంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం నక్క వచ్చింది.

“ఏం అల్లుడూ, ఇలా చచ్చుబడ్డావ్? ఈరోజు నిజంగానే రాదు. నా చెవులతో విన్నాను. ఒక్కటే మార్గం. ఆ కోళ్ళగూటి ముడి కొరికెయ్. కోళ్ళు చెదిరిపోతే వాటిని పట్టుకోవడానికైనా ఇంట్లో ఉంటుంది.”

గూట్లో కలకలం రేగింది. పిడుగు టెంక వదిలి నక్క మొహంలోకి చూసింది. చెప్పుల దగ్గర మొదలైన సలహాలు ఎక్కడికి చేరడానికి బయల్దేరాయో దానికి అప్పుడు అర్థమైంది.

“పళ్ళు నొప్పిగా ఉన్నాయి మామా. నువ్వు మొదలెట్టు, నేను అందుకుంటా.”

నక్కకు నోరూరింది. కంచె కింద నుంచి దూరి వచ్చి ముడిని ఆబగా కొరికింది. నోటికి చిక్కింది ముడి కాదు, చేపల వల. నైలాన్ దారాలు పళ్ళలో ఇరుక్కున్నాయి. లాగితే పెదవిలో దిగాయి, తల ఊపితే చెవికి చుట్టుకున్నాయి. లోపల నుంచి కాకిపెట్ట దాని ముక్కు మీద టకటకా పొడిచింది.

“మా ఇంటికొచ్చి మా తలుపే కొరుకుతావా? రా, ఇంకా దగ్గరికి రా!”

“అల్లుడూ! చచ్చిపోతున్నా! ఆ దారాలు కాస్త కొరకరా!”

పిడుగు ఎదురుగా కూర్చుంది. “ఇంట్లో వస్తువులు కొరకడం మానేశాను మామా.”

“ఒరేయ్, ఆమె రాదురా! నిన్ను వదిలేసిందిరా!”

“రాకపోతే నేనే ఇంటికి కాపలా కాస్తా. వస్తే నిన్ను చూపిస్తా” అని, పిడుగు గొంతెత్తి మొరిగింది. కాలవ అవతల మనుషులకు కూడా వినిపించేట్టు మొరిగింది.

రోడ్డు మీద మైల మెడ గంట మోగింది. ఆ చప్పుడుకు నక్క ప్రాణాలకు తెగించి లాక్కుంది. సగం చెవి, ముందు పన్ను ఒకటి వలలోనే వదిలి మొక్కజొన్నలోకి పడి పారిపోయింది. మళ్ళీ ఆ కంచె వైపు చూడలేదు.

నాంచారమ్మ వలను చూసింది, నెత్తురు చూసింది, లెక్క తప్పని కోళ్ళను చూసింది. సోమవారం వాచ్‌మన్ గొలుసు పట్టుకుని వచ్చి గేటు తట్టాడు.

“ఇది ఎవరికీ ఇచ్చేది కాదయ్యా” అంది ఆమె, గేటు తెరవకుండానే.

నీతి: భయపడేవాణ్ణి కొడితే భయం రెండింతలవుతుంది, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని చేసి చూపించినవాడే వాడికి ధైర్యమిస్తాడు.