కొంగ మాస్టారి బీరువా

“అడవిలో ఏ పిల్లా బడి బయట ఉండదు” అని మృగరాజు గుట్టెక్కి మాటిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలుగు పిల్ల బొద్దయ్య మాత్రం ఏడాదిగా వసారాలోనే ఉన్నాడు. వాడు కుదురుగా కూర్చోలేడు. బలపం పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది.

వాడి మాస్టారు కొంగ. ఒంటికాలి మీద పూటంతా కదలకుండా నిలబడతాడు కాబట్టి, లోకమంతా అలాగే ఉండాలని ఆయన సిద్ధాంతం. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బొద్దయ్యని బయటికి తోశాడు.

గురువారం గురువారం గిజిగమ్మ వచ్చేది. ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. కూర్చోవడం, పట్టుకోవడం, రాయడం లాంటి పనులు ఏ పిల్లకి ఎలా వీలవుతాయో చూడటం ఆమె ఉద్యోగం. కొంగ లెక్కలో ఆమె గొడుగులు బాగుచేసే రకం. సాయంత్రానికల్లా వీణ్ణి రిపేరు చేసి పంపమనేవాడు. క్లాసులో కూర్చుని చూస్తానంటే, ఇదేమైనా తోలుబొమ్మలాటా అని తలుపేసేవాడు.

ఆమె గడ్డితో మెత్త అల్లింది, బలపానికి తేనెమైనం ముద్ద తొడిగింది. బడి వెనక షెడ్డులో బొద్దయ్య వాటితో చక్కగా కుదురుకున్నాడు. క్లాసులో ఎలా వాడాలో చెప్పబోతే కొంగ అన్నీ తెలుసన్నాడు. రెండింటినీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు వాడి పాడుచేస్తే తనిఖీకి ఏం చూపించాలి?

ఓ గురువారం, గిజిగమ్మ అక్కడుండగానే, తనిఖీకి నక్క వచ్చింది. పేరు రాయలేని పిల్లని బడి నుంచి తీసేసే అధికారం దానిది. కొంగ గర్వంగా బీరువా తెరిచాడు.

“ఇదేంటి మాస్టారూ?” అంది నక్క, మెత్తని చూసి.

కొంగ రెండో కాలు కూడా నేలకి దించాడు. “టోపీ అండీ. ఎండలు కదా.” నెత్తిన పెట్టుకుని చూపించాడు.

“మరి ఈ ముద్ద?”

“లడ్డూ అండీ. పిల్లల పోషకాహారం.”

“తినండి మరి.”

కొరికాడు. ముక్కు మైనంలో అతుక్కుపోయింది.

బొద్దయ్య వసారాలోంచి నింపాదిగా వచ్చి, మాస్టారి నెత్తి మీది మెత్త తీసి కింద వేసుకుని కూర్చున్నాడు. ముక్కునుంచి ముద్ద పీకి, బలపానికి తొడిగి, పలక మీద పేరు రాశాడు. అక్షరాలు కాస్త ఒరిగాయి, అంతే. వాడు బడిలో ఉంటాడని నక్క చెప్పక తప్పలేదు.

“ముందే చెప్పొచ్చుగా అమ్మా” అని గొణిగాడు కొంగ.

“మీరు తలుపు తీస్తేగా మాస్టారూ” అంది గిజిగమ్మ.

నీతి: తెలియదని అడిగితే ఒక్క క్షణం నామోషీ, అడక్కపోతే ఊరంతా సాక్షి.

మృగరాజుగారూ, విద్య భిక్ష కాదు, హక్కు. మాస్టారూ థెరపిస్టూ కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి వారానికో గంట ఇస్తారా, ఇవ్వరా? బడులు తెరిచే జూన్ పన్నెండులోగా జవాబు కావాలి.