పర్వాలేదంటే ఐదు గింజలు

మూడు రోజుల ముసురుకి గొడ్లచావిడి పడమటి గోడ కూలింది. ఉన్న చోటు కాస్తంతే, ఆ కూలిన గోడ సందు పక్కన గేదె, ఎద్దు, మేకల్లో ఎవరో ఒకరు పడుకోక తప్పదు. అక్కడే వచ్చింది పేచీ.

తగువు తీర్చడానికి గోరింక వచ్చి, గడ్డి వేసే గాడి మీద వాలింది. దానికి తన తెలివంటే మహా గర్వం లెండి.

"ఇష్టమంటే ఉందీ, లేదూ అని రెండే కాదు, మధ్యన బోలెడు మెట్లున్నాయి. ఊరందరి మాటలూ విని నేర్చుకున్నాను. మీరు నోరు విప్పితే చాలు, ఎంత ఇష్టమో జొన్నగింజల్లో చెప్పేస్తా. సున్నా నుంచి పది దాకా! ఎక్కువ గింజలొచ్చినవాళ్లు అక్కడ పడుకోవాలి."

కూలిన గోడ అవతల నక్క వినయంగా దగ్గింది. "బయటివాణ్ణి, నాకెందుకు గానీ... నాలుగు రోజుల కిందట వచ్చిన ఆ మేకమ్మని ఆఖర్న అడుగు తల్లీ. ముందు పెద్దవాళ్లని అడగడం మర్యాద."

గోరింకకి ఆ మాట నచ్చింది.

"గేదత్తా, గోడ పక్కన పడుకుంటావా?"

"చచ్చినా పడుకోను."

ఒక్క గింజా పెట్టలేదు.

"ఎద్దు మావయ్యా?"

"చలిగాలి నా నడుముకి పడదమ్మా. మరీ తప్పదంటే చూద్దాం."

రెండు గింజలు.

ఇక మిగిలింది మేక. దాని పొట్ట కింద పిల్ల వణుకుతోంది. గేదె, ఎద్దు తనవంకే చూస్తున్నాయి. నాలుగు రోజులుగా తను తింటున్నది వాళ్ల గడ్డే.

"మీరెలా అంటే అలాగే. పర్వాలేదులెండి," అంది.

"పర్వాలేదంటే ఐదు!" గోరింక టకటకా గింజలు పేర్చింది. "చూశారా, ఎంత తేలిగ్గా తేలిపోయిందో!"

తెల్లారేసరికి పిల్ల లేదు. బురదలో నక్క అడుగులున్నాయి.

గోరింక గాడి మీది గింజల వంక చూసింది. చివరికి, "ఐదన్నావు కదమ్మా..." అని గొణిగింది.

"నేను ఐదనలేదు, పర్వాలేదన్నాను. వీళ్ల గడ్డి తింటున్నదాన్ని, అందరి ముందూ ఇంకేమంటాను? నా మనసులో ఉన్నది సున్నాయే తల్లీ."

మేక ఏడవను కూడా ఏడవలేదు. గేదె తల దించుకుంది. ఎద్దు లేచి, ఎవరూ అడక్కుండానే వెళ్లి సందుకి అడ్డంగా పడుకుంది. ముసురు పడుతూనే ఉంది. ఆ ఐదు గింజల్నీ తినలేక, తీయలేక, గోరింక గాడి మీదే వదిలేసింది.

కాదనే వీల్లేనివాళ్లు అన్న 'సరే'ని ఇష్టమని కొలవకూడదు.