తాయారు చెప్పిన సినిమా

అవును, ఆ రోజు కూడా తాయారు పుస్తకం పట్టుకునే వచ్చింది. అందరి అన్నాలూ అయ్యాక వచ్చి, అరుగు మీద కూలబడి, "మేష్టారూ, ఈ పేరా నాకు కొరుకుడు పడట్లేదండి" అంది.

ముక్తేశ్వరరావు మేష్టారి పద్ధతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఏది అడిగినా చెబుతారు గానీ, ఎందుకు అని అడిగితే మాత్రం నోరు విప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ఓసారి ఎవరో ఆవిడ ఆవిరి పైకెందుకు పోద్దని అడిగితే, తీసుకెళ్ళి ఇడ్లీపాత్ర ముందు కూర్చోబెట్టి తన దారిన తను పోయారు. ఆవిడ చెయ్యి కాల్చుకుంది. మళ్ళీ అడగలేదు.

తాయారు అంగన్‌వాడీలో పిల్లల్ని చూసుకునే మనిషి. పై పోస్టుకి పరీక్ష కట్టింది. వయసు దాటిపోతోంది, ఈసారి తప్పితే ఇంక రాయనివ్వరు. ఇదివరకు కూడా ఈ పేరాల దగ్గరే పోయిందామెకి. పేరా చదివి, కింద వేసిన ప్రశ్నకి దాంట్లోంచే జవాబు పట్టుకోవాలంట. అదంతా ఇంగ్లీషు. మేష్టారు చదివి తెలుగులో చెప్పారు.

సినిమా పుట్టిన కొత్తలో సంగతది. తీసినవాళ్ళు బొమ్మని చిన్నచిన్న ఫిల్ము చుట్టలుగా అమ్మేసేవారు. కొన్నవాడు ఊరూరా తిరిగి, తనకి నచ్చిన వరసలో ఆడించుకునేవాడు. అక్కర్లేదనుకున్న ముక్క కత్తిరించేవాడు. అప్పటికింకా బొమ్మకి మాటల్లేవు గదా, కొన్నిచోట్ల తెరపక్కన ఓ మనిషి నిలబడి కథ చెప్పేవాడు. అదే చుట్ట ఒక ఊళ్ళో నవ్విస్తే ఇంకో ఊళ్ళో ఏడిపించేది. ఇదీ పేరా. కింద ప్రశ్నేమో, జనం చూసిన కథ ఎవరి చేతిలో ఉన్నట్టు, అని. తీసినవాడా, చూపించినవాడా, చూసినవాడా, యంత్రమా.

తాయారు తీసినవాడికి టిక్కు పెట్టింది. పుస్తకం వెనకాల జవాబు చూస్తే చూపించినవాడని ఉంది.

"అదెలాగండి? కూర నేనొండి, పక్కింటావిడ వడ్డిస్తే, కూర ఆవిడదైపోద్దా?" అంది.

"మా అత్తారింట్లో అయిపోయేది" అంది లోపల మంచం మీంచి మేష్టారి భార్య, మా చెల్లెలు సూరమ్మ.

మేష్టారు నవ్వారు. "పేరా ఇంకోసారి చదువు తాయారూ" అన్నారు.

చదివింది. ఒక్కో ముక్క కింద గీత గీసుకుంటా చదివింది. కొన్నాడు, సరే. వరస మార్చాడు, సరే. కత్తిరించాడు, అదీ ఒప్పుకుంది. కథ చెప్పే మనిషి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఆగిపోయింది. "బొమ్మ ఎదరే కనపడతంటే ఆ చెప్పేవాడు కొత్తగా చెప్పేదేముంటదండి? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. లేకపోతే జనం తంతారు" అంది. అని, "ఎందుకండీ ఆ జవాబు?" అని అడిగేసింది.

మేష్టారు గోడ గడియారం చూశారు. సూరమ్మకి సినిమా వేళయింది.

సూరమ్మ చూపుని షుగరు తినేసింది. ఉగాది వెళ్ళాక మంచం పట్టింది, లేవలేదు. ఆ ఇంట్లో టీవీకి పిడుగు పడ్డప్పుడు గొంతు పోయింది, బొమ్మ మిగిలింది. బాగు చేయించండి బావగారూ అని నేనంటే, చేయిద్దాం అనేవారు మేష్టారు, చేయించేవారు కాదు. రోజూ మధ్యాహ్నం మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఏమవుతుందో ఆయనే చెప్పేవారు. షాపువాడు టీవీకి గుచ్చే ఓ చిన్న పెన్‌డ్రైవులో ఏవో పాత సినిమాలు ఎక్కించిచ్చాడు. వాటిల్లో సూరమ్మకి నచ్చింది ఒకటే. జబ్బుపడ్డ తల్లి, దెబ్బలాడి ఇల్లొదిలి వెళ్ళిపోయిన చిన్నకొడుకు. వేరేది పెడితే ఒప్పుకునేది కాదు.

"ఇవాళ నా గొంతు పట్టేసింది. నువ్వెళ్ళి చెప్పు" అన్నారు మేష్టారు. ఆయన గొంతు బాగానే ఉంది.

"పరీక్ష ఎల్లుండండీ మేష్టారూ."

"తెలుసమ్మా."

తాయారు విసురుగానే లేచింది. పుస్తకంలో వేలు పెట్టుకునే లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది. "ఎవరే, తాయారా? ఈయన్ని తప్పించావా, మంచిపని చేశావు. మధ్యలో పేపరు చదువుతారు" అంది సూరమ్మ.

మొదట్లో తాయారు హాజరు పిలిచినట్టు చెప్పింది. ఇల్లు. వాకిలి. ముసలావిడ పడుకుంది. పెద్దకోడలు వచ్చింది. "ఏం చీర కట్టింది?" అనేది సూరమ్మ. "మూతి ముడిచిందా? ముడుచుద్ది, దాని బుద్ధే అంత." అలా అడగ్గా అడగ్గా తాయారుకి కూడా ఊపొచ్చింది. కోడలి మాట కోడలిలాగా, ఆర్‌ఎంపీ డాక్టరు మాట ముక్కుతోటీ అనడం మొదలెట్టింది. సూరమ్మ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. పుస్తకం ఎప్పుడు కిందపడిందో తాయారు చూసుకోలేదు.

ఆఖరికి చిన్నకొడుకు పడవ దిగాడు. గట్టెక్కి ఇంటికేసి వస్తున్నాడు.

"ఇదిగో, ఇక్కడే" అంది సూరమ్మ. "ఈయన ఇక్కడ గొంతు సవరించుకుంటారెప్పుడూ. ఇప్పుడావిడ లేస్తది. లేచి, వాడికి అన్నం పెడతది. చెప్పు."

తాయారు తెరకేసి చూసింది. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. మంచం ఖాళీగా ఉంది. గోడమీద తల్లి ఫొటో, దానికి దండ, కింద దీపం.

తాయారు గది గుమ్మం వైపు తిరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఇందాక అరుగు మీద అన్నది తనే. గుమ్మం వైపు తిరిగింది. మేష్టారు అక్కడే నిలబడి ఉన్నారు, ఎప్పుడొచ్చారో. ఆయన తెర చూడట్లేదు. మంచంపట్టె మీదున్న సూరమ్మ చేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి పట్టెని గట్టిగా పట్టుకునుంది.

"లేచిందా?" అంది సూరమ్మ.

"లేస్తందండీ పిన్నిగారూ" అంది తాయారు. "మెల్లిగా లేస్తంది. కోడలు పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. జుట్టు ముడేసుకుంటంది. వంటింట్లోకి నడిచింది. కొడుకు గుమ్మంలో నిలబడి ఏడుస్తన్నాడు. ఏడుపు తరవాత, ముందు కాళ్ళు కడుక్కో అందండీ. పీటేసింది. ఆకేసింది. వడ్డిస్తంది."

"ఏం వడ్డించింది?"

"కొర్రమీను పులుసండీ. నిన్నటిది."

పట్టెమీద సూరమ్మ చెయ్యి వదులైంది. "నిన్నటిదైతే రుచే వేరు" అంది. "ఈయన రోజూ ముద్దపప్పే వడ్డించేవారు. పాపం, ఆయనకి అంతకంటే తెలీదు. నువ్వే బాగా తీశావే తాయారూ, సినిమా."

తాయారు పుస్తకం ఏరుకుని అరుగు మీదకొచ్చింది. తీసినవాడి దగ్గర పెట్టిన టిక్కుని రబ్బరు పెట్టి చెరిపింది. చూపించినవాడి దగ్గర పెన్సిలు ఆనించింది గానీ, వెంటనే పెట్టలేకపోయింది.

"జవాబు తెలిసిందండి. కానీ మేష్టారూ, పిన్నిగారికి నేను అబద్ధం చెప్పినట్టేనా?"

మేష్టారు పుస్తకం తీసుకుని ప్రశ్న మళ్ళీ మొదట్నించీ చదివారు. చదివి ఆమె చేతికిచ్చేశారు.

"అది ఇందులో అడగలేదమ్మా" అన్నారు.

తెల్లారేసరికి మా సూరమ్మ లేదు.