నోరులేని అక్కచెల్లెళ్ల కబురు

ఒకప్పుడు మనుషుల ఒంటేలుకు రంగుండేది కాదు. మంట కూడా ఉండేది కాదు. తాగిన నీళ్లు ఎంత తేటగా లోపలికి వెళ్లేవో అంత తేటగానూ బయటికి వచ్చేవి. నవ్వకండి. నవ్వితే కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఆ రోజుల్లో ఏటి పక్కన ఒక ఊళ్లో నూకాలు అనే ఆవిడ ఉండేది. వరి ఊడ్పుల్లో ఆమెకు సాటి లేదు. నడుం వంచిందంటే వేళ్లు బురదలో ఆడుతూనే ఉండేవి, నోరు పాడుతూనే ఉండేది. ఆమె పక్కన పదకొండుమంది ఆడవాళ్లు వరసకట్టి, ఆమె పాట అందుకుంటూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నాటేవాళ్లు.

ఆ ఊరి వాళ్లకు ఒక పట్టింపు ఉండేది. మడిలో దిగిన మనిషి నాట్లు పూర్తయ్యేదాకా గట్టెక్కకూడదు. మధ్యలో ఎవరైనా వరస తప్పితే ఆ జాగాలో లోపల బియ్యం లేని తాలు గింజలే పండుతాయని వాళ్ల నమ్మకం.

మరి మధ్యలో ఒంటికి వస్తే? దానికి నూకాలు ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దున లేచింది మొదలు నీళ్లే ముట్టుకునేది కాదు. తాగితేనే కదా ఈ గోలంతా! గట్టుమీద కడవ నిండా నీళ్లుండేవి. ఎండ మాడ్చేస్తున్నా ఆమె అటు చూసేది కాదు.

ఒకరోజు ఆమె ఆడపడుచు పోలమ్మ మెల్లిగా అడిగింది.

"వదినా, నానోపాలి గట్టెక్కొచ్చేస్తాను."

"ఓసోస్! నీది కడవా, చిల్లుల చేదా?" అంది నూకాలు. "నన్ను సూడు. పొద్దుట్నుంచి సుక్క ముట్నేదు."

పదిమందీ పకపకా నవ్వారు. పోలమ్మ తల వంచుకుంది. మర్నాటినుంచి ఆమె కూడా నీళ్లు మానేసింది. ఆమెను చూసి మిగతావాళ్లూ మానేశారు. గొప్పలు అంటువ్యాధి లాంటివి మరి.

ఇక నూకాలు ఒంటిలోపల ఏం జరిగిందో వినండి.

వీపువైపు, పక్కటెముకల చివర, వెన్నుకు అటొకరు ఇటొకరు అక్కచెల్లెళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లే కిడ్నీలు. నూకాలుకే కాదు, మీకూ ఉన్నారు. పిడికెడంత ఉంటారు, చిక్కుడు గింజలా వంపు తిరిగి ఉంటారు. ఎడమపక్క ఉన్నది అక్క. కుడిపక్క ఉన్నది చెల్లెలు. చెల్లెలి నెత్తిన కాలేయం కూర్చుంది కనుక పాపం ఆమె కాస్త కిందికి జరిగింది.

ఒళ్లంతా తిరిగిన రక్తం వీళ్ల దగ్గరికి వస్తుంది. వీళ్లు దాన్ని వడగడతారు. పనికొచ్చేది మళ్లీ ఒంటికి ఇచ్చేస్తారు. పనికిరానిదాన్ని నీళ్లలో కలిపి కిందనున్న సంచిలోకి దించుతారు. పగలూ రాత్రీ అదే పని. పండగ లేదు, పబ్బం లేదు.

"చెంబెడు నీళ్లిచ్చి పెళ్లివారి గిన్నెలన్నీ తోమమంటే ఎలాగే?" అంది అక్క. "చూడు, ఉప్పంతా అడుగున పేరుకుంటోంది. ఇలాగే వదిలేస్తే గులకరాయై కూర్చుంటుంది. అది కదిలిందంటే ఈ తల్లి నేలమీద పడి దొర్లుతుంది."

"కింద సంచిలోనూ బాగోలేదక్కా," అంది చెల్లెలు. "వచ్చిందాన్ని వచ్చినట్టు పంపకుండా బిగబట్టుకుంటోంది. అక్కడ కంటికి కనబడని పురుగులు కాపురం పెట్టాయి. మెట్టు మెట్టు ఎక్కి మనమీదికి వచ్చేస్తున్నాయి."

"మనిద్దరం పాడైపోతే ఈవిడ బతకదే."

"ఆ సంగతి ఆవిడకు తెలియదు కదక్కా!"

ఇద్దరికీ దుఃఖం వచ్చింది. ఇరుగుపొరుగును సలహా అడిగారు.

"నేను దడదడా కొట్టుకుంటాను. వెంటనే చెయ్యేసి చూసుకుంటుంది," అంది గుండె.

"నేను గుర్రుమంటాను. గంజి పోస్తుంది," అంది పొట్ట. "మీరూ అరవండి."

అక్కచెల్లెళ్లు అరవబోయారు. గొంతు లేదు. సగం చెడిపోయినా కిక్కురుమనలేని పుట్టుక వాళ్లది.

ఆ సాయంత్రం సంచిలోంచి చిట్టచివరి చుక్క బయటికి పోతుంటే అక్క దాన్ని ఆపింది.

"చుక్కమ్మా, నువ్వు బయటికి పోతావు కదా. మా బాధ ఆవిడకు చెప్పవూ?"

"నాకు రంగా, రుచా? నన్నెవరు పట్టించుకుంటారు?" అంది చుక్క. "సరే, నా ప్రయత్నం నేను చేస్తాను."

చుక్క పోయి పోయి గట్టుమీద ఎర్రచీమల పుట్ట గుమ్మంలో పడింది. వెంటనే ఒక చీమ చురుక్కున కుట్టింది.

"మా దారికి అడ్డం పడతావా?"

"అబ్బా! ఎంత మంట! తల్లీ, ఈ మంట నాకు కొంచెం అరువివ్వవూ?" అని చుక్క జరిగిందంతా చెప్పింది.

చీమ మీసం దువ్వుకుని ఆలోచించింది. "ఇస్తాను. కానీ కింద సంచిలో పురుగు పట్టినప్పుడే కుట్టాలి. ఊరికే కుట్టావంటే మా జాతికి చెడ్డపేరు."

మర్నాడు పొద్దున సూర్యుడు చుక్కను ఆవిరి చేసి పైకి లాక్కున్నాడు. "సూరీడు మామా, నీ రంగు కొంచెం ఇయ్యి," అని అడిగింది చుక్క. నూకాలు కథ విని సూర్యుడు సిగ్గుపడ్డాడు.

"ఆమె ఒంట్లో తడి లాగేసింది నేనే కదా. తీసుకెళ్లు. నీళ్లు బాగా తాగినవాళ్ల దగ్గర పలచబడు. తాగనివాళ్ల దగ్గర చిక్కబడు. అప్పుడు ఎవరికైనా తెలుస్తుంది."

చుక్క మబ్బుల్లో చేరి, అక్కడున్న తోటి చుక్కలందరికీ రంగూ మంటా పంచిపెట్టింది. వెళ్లడం వెళ్లింది గాని, తిరిగి నూకాలు ఒంట్లోకి పోవడం ఎలా? ఆవిడ నీళ్లే తాగదాయె!

మూడోరోజు మబ్బు పొలాలమీదికి వచ్చింది. కింద నూకాలు నాటుతోంది. నడుం పట్టేసింది. ఒళ్లు వెచ్చగా ఉంది. లోపలినుంచి చలి పుట్టుకొస్తోంది. వంగి చేసే పనికి నడుంనొప్పి మామూలే అనుకుంది. నీళ్లు ముట్టలేదు, పాట మాత్రం ఆపలేదు. నోరు తెరిచి దీర్ఘం తీస్తోంది.

చుక్కకు అంతకన్నా ఏం కావాలి! మబ్బులోంచి దూకి తిన్నగా ఆ నోట్లో పడింది. మిగతా చుక్కలు పాట అందుకున్న పదకొండు నోళ్లలో పడ్డాయి.

సాయంత్రం మడి పూర్తయింది. నూకాలు మొగలిపొద చాటుకు వెళ్లింది. మరుక్షణం "అమ్మో!" అని కేకేసింది. చీమలు కుట్టినట్టు మంట. కిందికి చూస్తే చిక్కటి పసుపునీళ్లు. జన్మలో అలాంటిది చూడలేదు. ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకునే మాటేనా? అక్కడే చతికిలబడి ఏడ్చింది.

పోలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "ఏటయినాది వదినా?"

నూకాలు తలెత్తకుండానే చెప్పింది. పోలమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకూ పసుపుగానే వొచ్చింది. బయపడి నాను సెప్నేదు."

ఇద్దరూ ఊరి మంత్రసాని గురమ్మ దగ్గరికి వెళ్లారు. ఆ ముసలావిడ నూకాలు వీపుమీద మెల్లిగా తట్టింది. పక్కటెముకల చివర తట్టేసరికి నూకాలు మెలికలు తిరిగింది.

"ఇక్కడున్నోలు నీలు అడుగుతున్నారే," అంది గురమ్మ. "ఇన్నాల్లూ అడిగే దారి లేక ఊరుకున్నారు. ఇప్పుడు కబురెట్టారు. నువ్వు సిగ్గుపడి దాసుంటే నీ పానం పోయుండును."

గురమ్మ మందిచ్చింది. కడవ పక్కనే పెట్టింది. నాలుగురోజులు నూకాలు జ్వరంతో మూలిగింది, నీళ్లు తాగింది, మళ్లీ తాగింది. పసుపు పలచబడింది. మంట తగ్గింది. లోపల అక్కచెల్లెళ్లు వరదొచ్చిన కాలవలో చిన్నపిల్లల్లా గెంతులేశారు. పేరుకున్న ఉప్పంతా కొట్టుకుపోయింది.

తర్వాత ఊళ్లోకెల్లా పెద్ద మడి నాటాల్సి వచ్చింది. నూకాలు కడుపునిండా నీళ్లు తాగి దిగింది. తాగితే రావాల్సింది వస్తుంది కదా. సగం మడి అయ్యేసరికి వచ్చింది.

నూకాలు పాట ఆగిపోయింది. పదకొండుమందీ తలెత్తి చూశారు. గట్టెక్కితే పంట తాలైపోతుంది. ఊరంతా ఆమెనే తిడుతుంది. ఎక్కకపోతే మళ్లీ ఆ మంట, ఆ జ్వరం. ఈసారి లేస్తుందో లేదో!

నూకాలు చేతిలోని నారును పోలమ్మ చేతికిచ్చి గట్టెక్కింది.

మడిలో ఎవరి చేతులూ ఆడలేదు. పోలమ్మ ఒక్కతే పాటను ఆగినచోట అందుకుని, ఆ మాటనే సాగదీస్తూ నిలబడింది. నూకాలు పొద చాటుకు వెళ్లొచ్చి, కడవ ఎత్తి నీళ్లు తాగి, మళ్లీ తన చోట దిగింది.

"ఏటొదినా," అంది పోలమ్మ, పాట ఆపి. "నీది కడవా, చిల్లుల చేదా?"

వరస వరసంతా గొల్లుమంది. నూకాలు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"చిల్లుల చేదేనే! చిల్లుంది గనకే బతికున్నాను. మీరూ ఎల్లండే, ఎవులికి రావాలో! నానిక్కడ పాట పట్టుకుంటాను."

ఒకరి తర్వాత ఒకరు గట్టెక్కారు. సంక్రాంతికి ముందు ఆ మడి కోశారు. నూకాలు వదిలి వెళ్లిన జాగాలో వెన్నులు బరువుకు నేలకు వంగి ఉన్నాయి. ఒక్క తాలు గింజ లేదు. పట్టింపు పెట్టిన పెద్దలు గొంతు సవరించుకుని వేరే సంగతి మాట్లాడారు.

అక్కచెల్లెళ్లకు ఈనాటికీ గొంతు రాలేదు. అందుకే ఆ చుక్క ఇచ్చిన రంగుతోనూ మంటతోనూ కబురు పెడతారు. ఏ తప్పూ చేయనివాళ్లకు కూడా ఒక్కోసారి పురుగు పడుతుంది, మంట పుడుతుంది. సిగ్గుపడి దాచకుండా ఇంట్లో చెప్పాలి, డాక్టరు దగ్గరికి పోవాలి. రంగూ మంటా లేకుండా వచ్చే జబ్బులూ ఉన్నాయి. వాటి గురించి ఏ చుక్కా ఏ కబురూ మోసుకురాలేదు పాపం.

నీళ్లు చాలినన్ని తాగితే ఒంటేలు తేటగా రావడం, తాగకపోతే పసుపుగా చిక్కబడడం, పురుగు పడితే చీమ కుట్టినట్టు చురుక్కుమనడం అప్పటినుంచే. ఊడ్పుల్లో ఒకరు గట్టెక్కితే ఆమె వచ్చేదాకా పక్కనున్నావిడ పాటను పట్టుకుని నిలబడడం కూడా, ఆ ఊళ్లో, అప్పటినుంచే.